వినోదయాత్రకు ముడుపు

వార్షిక పరీక్షలు దగ్గరపడేసరికి చిత్తూరు సీమలో అనేక మధ్యతరగతి గృహాలలో ఒక ప్రశ్న తలయెత్తుతుంది. "నాయనా, ఈసారి సెలవులకు ఎక్కడికి పోదాము?" అని పిల్లలు అడుగుతారు. ఎదురింటి పిల్లలు నిరుటి వేసవిలో బెంగళూరు దాటి బిడదిలో ఉన్న వండర్లాకు పోయివచ్చినారు. తరగతిలో మరొకరు చెన్నైలోని వినోదవనాన్ని చూచివచ్చి నెల దినాలు దాని కథలే చెప్పినారు. ఈ యింటి పిల్లల వంతు ఇంకను రాలేదు. ఉపాధ్యాయుడైన తండ్రి పెన్సిలు తీసుకొని కాగితం మీద లెక్క వేస్తాడు. ఆ లెక్కలో చేరని సంగతులను తల్లి జ్ఞాపకం చేస్తుంది. ఊరిలో తాతకు ఒంట్లో బాగుండలేదు. మామిడి ఇంకా పిందె మీద ఉన్నది. దాని ధర ఏమి పలుకుతుందో తెలియదు. సెలవులలో ఉపాధ్యాయులకు ఏ విధులు పడతాయో ఉత్తరువు చేతికి అందేదాకా తెలియదు. తండ్రి కాగితం మడిచి జేబులో పెట్టుకొని, "చూద్దాములే" అంటాడు.

ఆ ఒక్క మాటకు అర్థమేమిటో పెద్దలకంటె పిల్లలకే బాగుగా తెలుసు. తెలుగు ఇండ్లలో "చూద్దాములే" అంటే నూటికి తొంబది పాళ్ళు "లేదు" అనియే అర్థం. లేదని చెప్పే ధైర్యం చాలక, అవునని చెప్పే నిశ్చయం కుదరక, పెద్దలు ఆ మాట వెనుక తలదాచుకొంటారు. రోజులు గడచి, సెలవులు కరిగి, జూన్ 12వ తేదీన బడి తలుపులు తెరుచుకొన్ననాడు, యాత్ర జరుగలేదనే దుఃఖం కంటె, తమను ఎవరూ లెక్కలోనికి తీసుకోలేదనే దుఃఖం పిల్లల మనస్సులో మిగిలిపోతుంది. కావున వినోదయాత్రకు ముందుగా డబ్బు కట్టవలెనా, వద్దా అనే ఈ ప్రశ్న చూపులకు చిన్నదైనా, విచారింపదగినదే. దీనిలో ఇమిడి ఉన్నది కొన్ని వేల రూపాయలు మాత్రమే కాదు. ఇంటిలో మాటకు ఉండవలసిన విలువ కూడ ఇమిడి ఉన్నది.

ఈ సీమ ప్రజలకు అనిశ్చితి అనేది గ్రంథాలలో చదువుకొన్న పదం కాదు. 2020 మార్చి 20వ తేదీన తిరుమలలో భక్తులకు దర్శనం నిలిపివేయబడినది. స్వామివారి కైంకర్యాలు ఏకాంతంగా జరిగినవే కాని, నిత్యం వేలాది జనంతో కిటకిటలాడే మాడవీథులు నిర్మానుష్యమైనవి. జూన్ 11వ తేదీన గాని సామాన్య భక్తులకు తిరిగి దర్శనం లభింపలేదు. ఎన్నడూ మూతపడదని జనం నమ్మిన వాకిలియే మూతపడగా, తక్కిన వాకిళ్ళ సంగతి చెప్పనక్కరలేదు. మరుసటి సంవత్సరం నవంబరులో కురిసిన కుంభవృష్టికి తిరుపతి వీథులు ఏరులైనవి, స్వర్ణముఖి పొంగినది, కొండకు పోయే త్రోవలు తెగినవి. డిసెంబరు 1వ తేదీన రెండవ ఘాట్ రోడ్డు మీద బండరాళ్ళు విరిగిపడినవి. ఆ వానలకు దెబ్బతిన్న శ్రీవారి మెట్టు మార్గాన్ని 2022 మే నెలలో గాని తిరిగి తెరువలేకపోయినారు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుతపులి ఒక పసిబిడ్డను పొట్టనబెట్టుకొన్న తరువాత, పదిహేను సంవత్సరాల లోపు పిల్లలను మధ్యాహ్నం రెండు గంటలు దాటితే ఆ దారిన పోనివ్వరాదని కట్టడి చేయవలసి వచ్చినది. ఈ మూడింటిలో ఏ ఒక్కదానినీ ముందుగా ఏ పంచాంగమూ చెప్పలేదు.

జేబు విషయంలోనూ అంతే. 2025 వేసవిలో చిత్తూరు జిల్లా తోతాపురి రైతు గతి ఏమైనదో పిల్లలు సైతం ఎరుగుదురు. కాయ విరగకాసినది; ధర విరిగిపడినది. గుజ్జు కర్మాగారాలు కిలోకు 8 రూపాయలు ఇవ్వవలెననీ, ప్రభుత్వం తన వంతు 4 రూపాయలు చేర్చుననీ, వెరసి రైతుకు 12 రూపాయలు దక్కవలెననీ ప్రకటించవలసి వచ్చినది. మామిడి కోత జూన్‌లో ముమ్మరమవుతుంది. పిల్లల సెలవులు ఏప్రిల్ చివరనే ఆరంభమవుతవి. అనగా, చేతికి ఎంత వస్తుందో తెలియకముందే ఎంత ఖర్చుపెట్టవలెనో నిర్ణయించుకోవలసిన దుర్ఘటం ఈ సీమ రైతు కుటుంబాలకు ఏటేటా తప్పడం లేదు.

ఇది మన దేశానికే పరిమితమైన చిక్కు కాదు. 1955లో అమెరికాలోని కాలిఫోర్నియాలో వాల్ట్ డిస్నీ నెలకొల్పిన డిస్నీలాండు ఇప్పటి వినోదవనాలకెల్ల మార్గదర్శకమైనది. అది 2020 మార్చి 14న మూతపడి, 2021 ఏప్రిల్ 30న గాని తెరుచుకోలేదు. చైనాలోని షాంఘై నగరంలో ఉన్న అట్టి వనమే 2022 అక్టోబరు 31న హఠాత్తుగా ద్వారాలు మూసివేయగా, లోపల ఉన్నవారు వ్యాధి పరీక్ష చేయించుకొని గాని వెలుపలికి రాలేకపోయినారు. ఒక్క దినం సంతోషం కొరకు లోపలికి పోయినవారు వెలుపలికి వచ్చేదెప్పుడా అని కాచుకోవలసి వచ్చినది.

ఇట్టి కాలంలో కుటుంబాలు రెండు తెగలుగా చీలిపోవడం సహజం. ఒక తెగవారికి "నిదానమే ప్రధానం" అనే సామెత తారకమంత్రం. పరిస్థితులు చక్కబడనిమ్ము, ధర తేలనిమ్ము, తాత లేచి తిరుగనిమ్ము, అప్పుడు చూచుకొందామంటారు. రెండవ తెగవారు "ఆలస్యం అమృతం విషం" అంటారు. రాయితీ ఈ రాత్రితో ముగుస్తుందని ఫోనులో ప్రకటన కనబడగానే, రద్దు నియమాలను చదువకుండానే డబ్బు కట్టివేస్తారు. ఈ రెండు సామెతలనూ మన పిల్లలు ఒకే వాచకంలో చదువుకొంటారు. రెండింటిలో ఏది నిజమని వారడిగితే సమాధానం చెప్పడం ఉపాధ్యాయునికి కష్టమే.

నిజానికి రెండూ సత్యాలే. కాని రెండూ ఒకే వస్తువును గూర్చి చెప్పిన మాటలు కావు. ధనం విషయంలో నిదానం ప్రధానం. వయస్సు విషయంలో ఆలస్యం విషం. ఈ సంవత్సరం ఖర్చుచేయని పదివేలు వచ్చే సంవత్సరానికీ పదివేలుగా ఉండవచ్చును. ఎనిమిదేండ్ల బిడ్డ మాత్రం వచ్చే సంవత్సరానికి ఎనిమిదేండ్ల బిడ్డగా ఉండదు. మొదటి తెగవారు వయస్సును ధనంవలె దాచవచ్చునని భ్రమిస్తున్నారు. రెండవ తెగవారు ధనాన్ని వయస్సువలె జారిపోయేదిగా ఎంచి తొందరపడుతున్నారు. ఈ రెంటినీ విడదీసి చూడగల ఉపాయం కొత్తగా కనిపెట్టనక్కరలేదు. అది మన అవ్వల చేతిలోనే ఉన్నది. దాని పేరు ముడుపు.

ఇంటిలో ఎవరికైనా జబ్బు చేసినప్పుడో, పంట చేతికి వచ్చునో రాదో తెలియనప్పుడో, గృహిణి కొంత డబ్బును పసుపుగుడ్డలో మూటకట్టి దేవుని గూటిలో ఉంచుతుంది. కష్టం గట్టెక్కిన పిదప ఆ మూటను తీసుకొని కుటుంబమంతా కొండకు పోతుంది. ఇందులోని భక్తి ఎవరి విశ్వాసం వారిది. ఇందులోని లోకజ్ఞానం మాత్రం అందరికీ పనికివచ్చేది. ముడుపు కట్టినవారు మూడు పనులు చేస్తున్నారు. మొదటిది, సంకల్పాన్ని ఇంటిల్లిపాది ఎదుట ప్రకటిస్తున్నారు. రెండవది, ఆ పనికైన డబ్బును తక్కిన డబ్బునుండి వేరుచేసి, మరియొక అవసరానికి చేయి చాపకుండా ముడి వేస్తున్నారు. మూడవది, తేదీని మాత్రం వదలిపెడుతున్నారు. తమ చేతిలో ఉన్న రెండింటినీ బిగించి, తమ చేతిలో లేని ఒక్కదానిని సడలించినారు. అనిశ్చిత కాలంలో యాత్రను నిర్ణయించుకొనే విధానం ఇంతకంటె శాస్త్రీయంగా ఏ నిపుణుడూ చెప్పలేడు.

పిల్లల వినోదయాత్రకూ ఇట్లే ముడుపు కట్టవచ్చును. పరీక్షలు ముగిసేనాటికి ఒక డబ్బాలోనో, బ్యాంకులో ఒక ప్రత్యేకమైన ఖాతాలోనో, ఈ యాత్రకు ఇంత అని పిల్లల ఎదుటనే వేరుచేయవలె. ఆ మొత్తం ఎంత ఉండవలెననే దానికి కొలత ఒక్కటే. అది పూర్తిగా నష్టమైనా బడిజీతానికి గాని, తాత మందులకు గాని, ఎరువులకు గాని లోటు రాకూడదు. ఆ కొలతకు మించిన యాత్ర ఎంత చవుకగా దొరికినా ఆ కుటుంబానికి చవుక కాదు. ఇక నెలసరి వాయిదాల మీద అప్పుచేసి పోయిన యాత్రలో, రంగులరాట్నం దిగిన తరువాత కూడ తల తిరుగుతూనే ఉంటుంది.

ముడుపు పేరిట యాత్రను ఎంతకాలమైనా వాయిదా వేయవచ్చునని తలచేవారికి ఏడుకొండలవాని కథయే సమాధానం చెబుతున్నది. పెండ్లికి కుబేరుని వద్ద అప్పుచేసిన స్వామి నేటికీ వడ్డీ కడుతున్నాడని ప్రతీతి. మ్రొక్కు చెల్లించడంలో జాప్యం చేసినవారివద్ద వడ్డీతో సహా రాబట్టుకొంటాడని కూడ జనం చెప్పుకొంటారు. వడ్డికాసులవాడన్న పేరు ఊరక రాలేదు. వాయిదాకు వడ్డీ ఉన్నదనే ఈ ఎరుక వినోదయాత్రకూ వర్తిస్తుంది. బిడ్డకు ఎనిమిదవ యేట కలిగే ఆశ్చర్యం పదునాల్గవ యేట కలుగదు. ఆ వయస్సుకు తల్లిదండ్రులతో కలిసి తిరగడమే కొందరికి చిన్నతనంగా తోస్తుంది. మరొక వైపు, ఈనాడు చేయి పట్టుకొని నడువగల అవ్వ మూడేండ్ల తరువాత అట్లు నడువలేకపోవచ్చును. కావున తేదీని సడలించినా గడువును సడలించరాదు. ఈ వేసవి కాకపోతే దసరా, దసరా కాకపోతే సంక్రాంతి, అంతకు మించి లేదని ముందే అనుకోవలె.

ఇక ముందుగా డబ్బు కట్టే విషయం. దీనిలో భావావేశానికి చోటు లేదు. ఇది చక్కని గణితం. 1654లో ఫ్రాన్సు దేశంలో పాస్కలు, ఫెర్మా అనే ఇద్దరు గణితవేత్తలు, మధ్యలో ఆగిపోయిన ఆటలో పందెపు సొమ్మును ఆటగాండ్రకు ఎట్లు పంచవలెనను ప్రశ్న మీద ఉత్తరాలు వ్రాసుకొన్నారు. సంభావ్యతా గణితానికి ఆ ఉత్తరాలే పునాది. మధ్యలో ఆగిపోయే యాత్రకూ ఆ గణితమే చెల్లుతుంది.

ఒక వినోదవనానికి నలుగురి ప్రవేశరుసుము రెండు విధాలుగా దొరుకుతున్నదనుకొందాము. వాపసు లేని టిక్కెట్టు 4,000 రూపాయలు. పోలేకపోతే డబ్బంతా వాపసు ఇచ్చే టిక్కెట్టు 5,000 రూపాయలు. ఇట్టి యాత్ర తలపెట్టిన కుటుంబాలు ఐదు ఉన్నవి. వాటిలో ఒకటి పోలేకపోయినది. మొదటి విధంగా కొంటే ఐదు కుటుంబాలూ కలిసి 20,000 రూపాయలు వ్యయం చేస్తవి. రెండవ విధంగా కొంటే, పోయిన నాలుగు కుటుంబాలకు మాత్రమే వ్యయం. అదియూ 20,000 రూపాయలే. అనగా, ఆటంకం కలిగే అవకాశం ఐదింట ఒకటి అయినప్పుడు రెండూ సమానం. అంతకంటె ఎక్కువైతే వాపసు వచ్చే టిక్కెట్టు మేలు. తక్కువైతే వాపసు లేనిదే మేలు. ఎనిమిదవ తరగతి విద్యార్థి చేయగల ఈ లెక్కను చేయకుండానే ఎందరో పెద్దలు డబ్బు కట్టివేస్తున్నారు.

ఐదింట ఒకటి అనేది వట్టి ఊహ కాదు. 2024 నవంబరు 1 నుండి రైల్వేశాఖ ముందస్తు రిజర్వేషను గడువును 120 దినాలనుండి 60 దినాలకు తగ్గించినది. 61 మొదలు 120 దినాల ముందుగా కొన్న టిక్కెట్లలో సుమారు 21 శాతం రద్దవుతున్నవని అందుకు కారణం చూపినది. నాలుగు నెలల ముందు కుటుంబాలు వేసుకొనే అంచనాలలో ఐదింట ఒకటి తారుమారవుతున్నదని దీని సారాంశం. అయితే సగటు అనేది దేశానికి చెల్లునే కాని, ఒక్కొక్క ఇంటికి అట్లే చెల్లదు. మంచం పట్టిన తాత ఉన్న ఇల్లు, కాయ మీద ఆశ పెట్టుకొన్న ఇల్లు, తమ ఆటంకం సగటుకంటె ఎక్కువని ఒప్పుకోవలె. నెలజీతం నిలకడగా వచ్చే, అందరూ ఆరోగ్యంగా ఉన్న ఇల్లు అంత భయపడనక్కరలేదు.

ఈ లెక్కనుండి మరొక సూక్ష్మం తేలుతున్నది. దూరం పెరిగినకొలది ముందుగా కొనవలసి వస్తుంది. ముందుగా కొన్నకొలది తెలిసింది తక్కువగా ఉంటుంది. హైదరాబాదులోని రామోజీ ఫిలిం సిటీకి పోదలచిన తిరుపతి కుటుంబం మే మొదటివారపు రైలుకు మార్చి మొదటివారంలోనే టిక్కెట్టు చూచుకోవలె. అప్పటికి మామిడి పిందెయే, పరీక్షలైనా ముగియవు. చెన్నైకి గాని, బెంగళూరుకు గాని పోదలచిన కుటుంబం వారం ముందు నిశ్చయించుకొని బస్సెక్కవచ్చును. కావున కాలం నిలకడగా లేనప్పుడు సమీపంలో ఉన్న స్థలాన్ని ఎంచుకోవడం పిసినారితనం కాదు. అదియే చవుకైన బీమా.

నియమాలను చదవడంలో ఒక మెలకువ అవసరం. "డబ్బు వాపసు", "తేదీ మార్పు" అనే రెండు మాటలూ ఒకటిగా కనబడతవి. కాని ఒకటి కావు. 2021 నవంబరు వానలకు కొండకు రాలేకపోయిన దర్శన టిక్కెట్టుదారులకు ఆరు నెలలలోపు మరొక దినాన వచ్చే వీలును తిరుమల తిరుపతి దేవస్థానం కల్పించినది. అది ఎందరికో ఉపకరించిన ఏర్పాటు. కాని ఉపాధ్యాయ కుటుంబానికి ఆ ఆరు నెలలలో నిజంగా కదలడానికి వీలయ్యేది సంక్రాంతి సెలవులు, వేసవి సెలవులలో మొదటి భాగం మాత్రమే. వ్యాపారికి ఆరు నెలలంటే ఆరు నెలలు. బడి కుటుంబానికి ఆరు నెలలంటే మూడు నాలుగు వారాలు. తేదీ మార్పు ఇస్తామన్న ఏ సంస్థ మాటనైనా బడి పంచాంగం ప్రక్కన పెట్టుకొని చదివిన తరువాతనే డబ్బు కట్టవలె.

కొందరు పెద్దలు అసలు ప్రశ్ననే త్రోసివేస్తారు. వేలు పోసి కృత్రిమమైన జలపాతాలను చూడనేల, తలకోనలో దేవుడిచ్చిన జలపాతం ఉన్నది కదా అంటారు. చంద్రగిరి కోట ఉన్నది. తిరుపతిలో విజ్ఞాన కేంద్రమూ, జంతు ప్రదర్శనశాలా ఉన్నవి. మదనపల్లె ప్రక్కన హార్సిలీ కొండలు ఉన్నవి. ఇవన్నియూ చూడదగినవే. చంద్రగిరి రాజమహలు మేడమీద నిలిచి ఒక గంట చరిత్ర చెప్పగల తండ్రి ఏ వినోదవనానికీ తీసిపోడు. కాని పిల్లవాడు అడిగినదానిని చిన్నబుచ్చి, తమకు నచ్చినదానిని వానికి అంటగట్టడం న్యాయం కాదు. సమీపస్థలాలకు సరియైన స్థానం ప్రత్యామ్నాయంగానే. ఆ ప్రత్యామ్నాయాన్ని ముందే చెప్పిన యెడల అది ఏర్పాటు అవుతుంది. చివరకు చెప్పిన యెడల బుజ్జగింపు అవుతుంది. తేడా అంతా చెప్పిన సమయంలోనే ఉన్నది.

ఇచ్చటనే ఉపాధ్యాయుల పని ఉన్నది. పాఠశాల విహారయాత్రను నిర్ణయించేటప్పుడు ప్రధానోపాధ్యాయునికి కలిగే చిక్కులన్నీ ఈ కుటుంబ చిక్కులే. ఆ లెక్కను సిబ్బంది గదిలో గాక తరగతి గదిలో వేయవచ్చును. బస్సు బయానా ఎంత, వాన వస్తే ఎంత పోతుంది, ఎందరు మానుకొంటే ఒక్కొక్కరి మీద ఎంత భారం పడుతుంది అని నల్లబల్ల మీద వ్రాసి పిల్లలచేత చేయించిన యెడల, ఆ యాత్ర సాగినా సాగకపోయినా ఒక పాఠం మిగులుతుంది. 2020లో బడులు మూతపడగా ఇంటిలో కూర్చున్న పిల్లలకు అనిశ్చితి అంటే ఏమిటో ఎవరూ బోధింపనక్కరలేదు. వారికి కావలసినది దానిని గూర్చి నిజం చెప్పే పెద్దలు.

ఆ నిజం చెప్పడానికి తెలుగు వ్యాకరణమే రెండు సాధనాలను ఇచ్చినది. "వస్తే, కుదిరితే, తగ్గితే" అనేవి చేదర్థకాలు. "వచ్చినా, కుదరకపోయినా, తగ్గకపోయినా" అనేవి అప్యర్థకాలు. పిల్లలు వీటిని బడిలో ఉదాహరణలుగా నేర్చుకొంటారు. ఇంటిలో అవి ఎందుకు పనికివస్తవో ఎవరూ చెప్పరు. స్థలానికీ, తేదీకీ చేదర్థకం వాడవలె. సంకల్పానికి అప్యర్థకం వాడవలె. అప్పుడు "చూద్దాములే" అనే మాటతో పనిలేదు.

చిత్తూరులోని ఆ తండ్రి జేబులో మడిచిన కాగితాన్ని తిరిగి విప్పి, లెక్క క్రింద ఇట్లు వ్రాయవచ్చును. "తాతకు నెమ్మదిస్తే, మే చివరి వారంలో బెంగళూరుకు పోదాము. నెమ్మదించకపోతే దసరాకు పోదాము. కాయకు ధర రాకపోయినా, ఈ డబ్బాలోని డబ్బు ముట్టుకోము. ఏది కుదిరినా కుదరకపోయినా, సెలవులు ముగిసేలోపల ఒక్కనాడు అందరమూ కలిసి తలకోనకైనా పోయివస్తాము." ఈ నాలుగు వాక్యాలలో ఆయన తీర్చలేని వాగ్దానం ఒక్కటియు లేదు. ఆ కాగితాన్ని పిల్లలచేత పైకి చదివించి, గోడకు అంటించిన యెడల, యాత్ర ఏ నాడు సాగినను, దానిని గూర్చి ఇంటిలో మాట మాత్రం ఆనాడే కుదిరినట్లు.